నాంచారమ్మ పేరు మీద వచ్చిన బండి

తేజస్విని ఆఫీసుకు రాగానే కంప్యూటరు తెరవదు. ముందు చెత్తబుట్ట దగ్గరికి కుర్చీ లాక్కుని, బ్లేడుతో పెన్సిలు చెక్కుతుంది. మొన సన్నబడేదాకా ఎవరు పలకరించినా తలెత్తదు. ఆమె చేసే ఉద్యోగానికి కాగితంతో పనే లేదు. పక్క సీటు నవ్యశ్రీ రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. "అక్కా, మా తాతయ్య గెడ్డం గీసుకోడానికి కూడా ఇంతసేపు పట్టదు" అంటుంది. తేజస్విని నవ్వి ఊరుకుంటుంది. ఏదైనా సరే ముందు కాగితం మీద గీసుకుని చూసుకోకపోతే ఆమెకు నమ్మకం కుదరదు.

ఆమెది పెడన. తండ్రి రాంబాబు కలంకారీ అద్దకం పనివాడు. బందరులో ఎంసీఏ చదివి, గుడివాడలో ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే పెడనలో పాసింజరు ఎక్కి గుడివాడలో దిగుతుంది, సాయంత్రం అదే దారిన వెనక్కి వస్తుంది. కంపెనీ రొయ్యలు ఎగుమతి చేస్తుంది. రొయ్యలు శుభ్రం చేసి గడ్డకట్టించే ప్లాంటు బందరు శివార్లలో ఉంది. కంప్యూటర్ల ఆఫీసు మాత్రం గుడివాడలో, ఒక టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో.

డేటా మోడలింగ్ ఆమె పని. ఇంట్లో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె ఇలా చెబుతుంది: ఒక రొయ్య చెరువులోంచి లేచి అట్టపెట్టెలో పడేదాకా ఎక్కడెక్కడ తిరిగిందో కంప్యూటర్లో ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కాటా దగ్గర ఒక పట్టిక, గేటు దగ్గర ఒక పట్టిక, ప్యాకింగ్ దగ్గర ఇంకో పట్టిక. ఆ ముక్కల్ని అతికించి, ఏ పెట్టెలో ఏ చెరువు రొయ్య ఉందో అడగ్గానే చెప్పేలా దారి కట్టాలి.

ఆ దారి రెండు రకాలుగా కట్టొచ్చు. ఒకటి బొమ్మ. తెర మీద పట్టికల్ని పెట్టెల్లా పేర్చి, ఏ నంబరు మీద కలవాలో చెబుతూ పెట్టెకూ పెట్టెకూ మధ్య గీతలు గీస్తారు. మిగతాది డేటాబేసు చూసుకుంటుంది. ఎవరు చూసినా బొమ్మ అర్థమవుతుంది. రెండోది స్క్రిప్టు. ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి, ఫలానా దాకా చేస్తూనే ఉండు అని వరసగా రాసుకుంటూ పోవడమే. బొమ్మకు లొంగని పనులు స్క్రిప్టుకు లొంగుతాయి. కానీ రాసినవాళ్లు తప్ప మరొకరు దాన్ని చదవడం కష్టం.

ఆ ఆఫీసులో స్క్రిప్టు అంటే భయం. దానికి కారణం ఉంది. వాళ్ల డేటాబేసు లెక్కలన్నీ మెమరీలోనే పెట్టుకుని చేస్తుంది. అంత వేగం అందువల్లే. మెమరీ నిండిందంటే గుడివాడ ఆఫీసూ, బందరు కాటా, గేటూ అన్నీ ఒక్కసారే నిలిచిపోవడమూ అందువల్లే. తేజస్విని చేరకముందు ఈ పని నాగవంశీ అనే అతను చూసేవాడు. తెలివైనవాడు. తొమ్మిది వందల లైన్ల స్క్రిప్టు రాశాడు. ఒక మే నెల మధ్యాహ్నం అది ఎక్కడో చిక్కుకుని, ఆగకుండా తిరిగి, మెమరీ మొత్తం మింగేసింది. బందరు గేటు దగ్గర కాటా యాభై నిమిషాలు పని చెయ్యలేదు. పద్నాలుగు బండ్లు ఎండలో నిలబడ్డాయి. ఐసు కరిగి నీళ్లు రోడ్డు మీదికి కారాయి. రెండు నెలల తర్వాత నాగవంశీ హైదరాబాదు వెళ్లిపోయాడు. అతని స్క్రిప్టు చదివి బాగుచెయ్యగల మనిషి ఆఫీసులో మిగల్లేదు.

ఆ రోజు గేటు దగ్గర నిలబడి రైతుల మాటలన్నీ పడ్డది గోపీనాథ్ గారు. కంప్యూటర్ల విభాగానికి ఆయనే మేనేజరు. కాటా గుమస్తాగా మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లలో అక్కడిదాకా వచ్చిన మనిషి. తను చదవలేనిది ఇకమీదట ఈ కంపెనీలో నడవదని, అన్నీ బొమ్మల్లోనే ఉండాలని ఆయన నియమం పెట్టారు. ఆ నియమం కిందే తేజస్విని చేరింది. నాగవంశీ స్క్రిప్టు తీసేసి, రెండు నెలలు కూర్చుని, దాని స్థానంలో బొమ్మ గీసింది. పద్నాలుగు పెట్టెలు, పదిహేను గీతలు, ఒక గీత మీదుగా ఇంకో గీత పోకుండా. గోపీనాథ్ గారు దాన్ని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి ప్లాంటు రిసెప్షన్‌లో పెట్టించారు. తనిఖీకి వచ్చినవాళ్లు దాని ఫోటో తీసుకుని వెళ్లేవాళ్లు.

పోయిన ఆగస్టులో ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకు, సరుకు కొనే విదేశీ కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. ఒక లాటు రొయ్యల్లో నిషేధించిన మందు ఆనవాళ్లు దొరికాయి. అట్టపెట్టెల నంబర్లు ఇచ్చారు. అవి ఏ చెరువు రొయ్యలో సాయంత్రం అయిదు లోపల చెప్పాలి. చెప్పకపోతే దివిసీమ నుంచి వచ్చే సరుకు మొత్తం ఆపేస్తారు.

గోపీనాథ్ గారు తేజస్విని సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆమె నంబర్లు కొట్టింది. ఒక్క క్షణంలో ఒక్క పేరు వచ్చింది. నాంచారమ్మ, కోడూరు మండలం, ఎనభై సెంట్ల చెరువు.

పేరు ఇచ్చాక ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. కొనేవాళ్ల దగ్గర స్టాప్ లిస్టు అని ఒకటి ఉంటుంది. దాంట్లోకి ఎక్కిన చెరువు సరుకు రెండేళ్లు కొనరు. వాళ్లు కొనడం లేదంటే చుట్టుపక్కల ఇంకే కంపెనీ కొనదు. తేజస్విని రైతు వివరాలు తెరిచింది. వయసు యాభై ఆరు. భర్త లేడు. ఉన్నది ఆ ఒక్క చెరువే.

గోపీనాథ్ గారు ఆమెకు ఫోను చేసి స్పీకరు పెట్టారు. సంగతంతా మెల్లగా చెప్పారు. చెప్పాక, ఆ రోజు బండిలో ఆమె సరుకే కాక ఇంకెవరిదైనా ఉందేమోనని అడిగారు. 

"బండి నా పేరు మీద వచ్చింది కదా బాబూ."

"వచ్చిందమ్మా. అందులో సరుకంతా మీదేనా అని."

"నా పేరు మీద వస్తే నాదే."

ఆయన ఫోను పెట్టేసి, ఉత్తరం రాయమన్నారు. ఆవిడ ఒప్పుకుంది, నీ బొమ్మ కూడా అదే చెబుతోంది, ఇంకేం చూడాలని అన్నారు. తేజస్విని చూపు తెర మీద ఒక అంకె దగ్గర ఆగిపోయింది. ఆ రోజు ఆ బండి లోడు అయిదున్నర టన్నులు. ఎనభై సెంట్ల చెరువు ఎంత బాగా పండినా రెండు టన్నులు దాటదు.

సగం కంటే ఎక్కువ సరుకు వేరేవాళ్లది.  అది ఆమెకు కొత్త సంగతి కాదు.

బొమ్మ గీయడానికి ముందు ఆమె ఒకసారి కోడూరు వైపు వెళ్లింది. ఆ ప్రాంతానికి కంపెనీ సూపర్‌వైజరు నతానియేలు దగ్గరుండి రొయ్యల పట్టుబడి చూపించాడు. చిన్న చెరువుల వాళ్లకు బండి నిండదు. అందుకని ఇద్దరు ముగ్గురు ఒకే రోజు వల వేయించి, సరుకు ఒకరి పేరు మీద పంపుతారు. ఆ ఒకరు మళ్లీ ఇంకొకరి పేరు కిందికి వెళ్లొచ్చు. ఇలా పేరు కింద పేరు ఎంతదాకా అయినా పోతుంది. కాటా గుమస్తా ప్రతివాళ్లకూ చీటీ రాస్తాడు, చీటీ చివర ఇది ఏ చీటీ కింద పోతోందో ఆ నంబరు వేస్తాడు. పేరు ఇచ్చినవాళ్లే ఆ బండికి పెద్ద. బండి మీద మాట వస్తే పెద్దే పడాలి, కిందివాళ్ల పేర్లు బయటపెట్టకూడదు. ఇదంతా నతానియేలు గట్టు మీద నిలబడి ఆమెకు విడమరిచి చెప్పాడు. ఆమె నోటుబుక్కులో రాసుకుంది కూడా.

గుడివాడ వచ్చి బొమ్మలో ఆ ఆఖరి కాలమ్ కలపబోతే చీటీల పెట్టె లోంచి బయల్దేరిన గీత మళ్లీ చీటీల పెట్టెకే రావాల్సి వచ్చింది. బొమ్మ గజిబిజి అయింది. ఎన్ని మెట్లు ఉంటాయో తెలియనప్పుడు ఎన్ని పెట్టెలు పెట్టాలి? గేటు పుస్తకంలో బండికి ఒక పేరు ఎలాగూ ఉంది కదా, అది చాలనుకుంది. ఆ ఒక్క గీత ఆమె గీయలేదు.

ఈ మాట ఆమె గోపీనాథ్ గారితో అక్కడే చెప్పేసింది. తప్పు బొమ్మది, అంటే తనది. చీటీల వెంట అడుగుదాకా వెళ్తే ఎవరెవరి సరుకో తెలుస్తుంది. ప్లాంటులో ప్రతి చీటీ సరుకులోంచీ నాలుగు రొయ్యలు సంచిలో కట్టి మూడు నెలలు ఫ్రీజర్‌లో ఉంచుతారు. ఏయే చీటీలవో తెలిస్తే ఆ సంచులే తీసి బందరులోనే పరీక్ష చేయొచ్చు. పరీక్షకు రెండున్నర గంటలు చాలు.

ఆయన కోప్పడలేదు. అది ఆమెను ఇంకా కంగారు పెట్టింది. బొమ్మలోనే సరిచెయ్యమన్నారు. ఆమె ఇంకో చీటీల పెట్టె పెట్టింది, ఒక మెట్టు దిగింది. కొత్త పేర్లు వచ్చాయి. ఇంకో పెట్టె, ఇంకొన్ని పేర్లు. నాలుగో పెట్టె దగ్గర కూడా పేర్లు ఆగలేదు. ఇలాంటి మెట్ల కోసమే తయారుగా ఉండే పెట్టె ఒకటి ఉంది. అది కూడా పెట్టి చూసింది. ఒక చీటీ ఒకే చీటీ కిందికి వెళ్తేనే అది పని చేస్తుంది. ఇక్కడ బండిలో చోటు చాలక సగం క్రేట్లు ఒకరి కింద, సగం ఇంకొకరి కింద పోయిన చీటీలున్నాయి. ఆ పెట్టె ఎర్ర గుర్తు చూపించి ఊరుకుంది.

అప్పటికి పదకొండు. పరీక్షకు రెండున్నర గంటలు పోతే, సంచులు వెతకడానికి ఒక అరగంట పోతే, ఆమె చేతిలో మిగిలేవి మూడు గంటలే.

"సార్, ఇది స్క్రిప్టుకు తప్ప లొంగదు."

ఆయన కిటికీ వైపు చూశారు. "ఆ రోజు గేటు దగ్గర నువ్వు లేవు."

"లేనండి."

"బండికి తొమ్మిదేసి మంది రైతులు, పద్నాలుగు బండ్లు. కాటా ఎందుకాగిందని అడిగితే నాకు తెలియదని చెప్పాను. నా విభాగంలో, నా యంత్రం గురించి, నాకు తెలియదని." ఆమె వైపు తిరిగారు. "రాయి. నువ్వు నడిపే ముందు నవ్యశ్రీని మెమరీ చూస్తూ కూర్చోమను. ఎనభై దాటితే ఆపెయ్యి. నన్ను అడగొద్దు."

ప్రయోగాలకు వేరే సర్వరు ఉంది గానీ, దాంట్లో ఆరు నెలల కిందటి డేటా మాత్రమే ఉంది. ఈ చీటీలు అందులో లేవు. అసలు యంత్రం మీదే నడపాలి.

గంటంపావులో రాసింది. నూరు లైన్లు కూడా లేవు. బండి చీటీ తీసుకో. దాని కింద ఉన్న చీటీలు తీసుకో. వాటి కింద ఉన్నవి తీసుకో. కింద ఏమీ లేనిదాకా దిగుతూనే ఉండు. పన్నెండుంబావుకు నడిపింది. నవ్యశ్రీ వేరే తెర ముందు కూర్చుని శాతాలు చదువుతోంది.

"నలభై నాలుగు. నలభై నాలుగు. నలభై తొమ్మిది." మొదట్లో ఆమె గొంతు మామూలుగానే ఉంది. "యాభై ఎనిమిది. అక్కా, యాభై ఎనిమిది నుంచి అరవై ఏడు."

రెండు క్షణాల్లో రావాల్సిన జవాబు రాలేదు. బందరు గేటు నుంచి ఫోను మోగింది. కాటా మీద అంకె మెల్లగా పడుతోందిట, బండ్లు ఆరు ఉన్నాయిట. గోపీనాథ్ గారు ఫోను చెవికి పెట్టుకునే తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. 

"డెబ్బై ఆరు" అంది నవ్యశ్రీ. "ఆపెయ్ అక్కా."

ఆపేసింది. మెమరీ మెల్లగా కిందికి దిగింది. కాటా మళ్లీ మామూలుగా నడుస్తోందని గేటు నుంచి చెప్పారు. తేజస్విని చేతులు ఒళ్లో పెట్టుకుని కొంతసేపు కదలకుండా కూర్చుంది. తను నాగవంశీ చేసిన పనే చేసింది. ఎనభైకి నాలుగు శాతం ముందు ఆపింది, అంతే.

ఇంకోసారి నడపమని అడిగే ధైర్యం లేకపోయింది. పెన్సిలు తీసుకుని, కాగితం మీద బండి చీటీ నంబరు రాసి, చేత్తోనే దిగడం మొదలుపెట్టింది. ఒక్కో చీటీ తెర మీద తెరవడం, దాని కిందివి రాసుకోవడం, బాణం గీయడం. నాంచారమ్మ చీటీ కింద రెండు చీటీలు. అందులో ఒకటి లక్ష్మయ్య అనే ఆయనది. లక్ష్మయ్య చీటీ కింద మూడు. ఆ మూడింట్లో ఒకదాని నంబరు రాస్తుంటే చెయ్యి ఆగింది. అది నాంచారమ్మ చీటీయే.

ఆమె లక్ష్మయ్య కింద ఉంది. లక్ష్మయ్య ఆమె కింద ఉన్నాడు. దిగుతూనే ఉండు అని తను రాసింది. స్క్రిప్టు దిగుతూనే ఉంది.

గుమస్తా పొరపాటు రాశాడేమోనని నతానియేలుకు ఫోను చేసింది. అతను అప్పుడు అవనిగడ్డ సెంటర్లో ఉన్నాడు. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. ఆమె రెండు నంబర్లూ చదివింది. అతను నవ్వాడు.

"పొరపాటు కాదమ్మా. అక్కాతమ్ముళ్లు వాళ్లు. గట్టు మీద కాటా దగ్గర తమ్ముడు, పెద్దది అక్క ఉండగా నా పేరెందుకు, ఆవిడ కింద రాయండి అన్నాడు. రోడ్డు మీద కాటా దగ్గర ఆవిడ, మగాడు వాడుండగా నా పేరెందుకు, వాడి కింద రాయండి అంది. గుమస్తాలు ఇద్దరు. ఎవరికి చెప్పింది వాళ్లు రాసుకున్నారు."

"మరి బండి ఆవిడ పేరు మీద ఎందుకు వచ్చింది?"

"గేటు దగ్గర డ్రైవరు ఎవరి పేరు చెబితే వాళ్లదే."

ఆ బండిలో ఇంకా ఎవరెవరున్నారని అడిగింది.  అది తన నోటితో చెప్పించొద్దని, రేపు ఆ గట్ల మీద తను నడవాలని అన్నాడు. చీటీల్లో ఉంది కదా, అందులోనే చూసుకోమన్నాడు.

ఒంటిగంటకు ఆమె స్క్రిప్టులో ఆరు లైన్లు కలిపింది. చూసిన చీటీ నంబర్లన్నీ పక్కన రాసుకుంటూ పో. ఒకసారి చూసిన చీటీ మళ్లీ ఎదురైతే దాన్ని వదిలెయ్యి. తర్వాత లేచి గోపీనాథ్ గారి గదిలోకి వెళ్లింది.

ఆయన స్క్రిప్టు కాగితం మీద తీయించి, కుర్చీ చూపించి, చదవమన్నారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె లైను లైనుకీ వేలు పెట్టి తెలుగులో చెప్పింది. ఆయన మధ్యలో రెండుసార్లు ఆపి, చెప్పింది మళ్లీ చెప్పించుకున్నారు. అలా రెండు పేజీలు. ఆ కొత్త ఆరు లైన్ల దగ్గర మూడోసారి ఆపారు.

"ఇది ఆగుతుందని ఏంటి నమ్మకం? ఇందాక కూడా ఆగుతుందనే కదా నడిపావు."

ఆమె కొంచెం ఆలోచించుకుని చెప్పింది. ఉన్న చీటీలు పదకొండు వేలు. ప్రతి చుట్టుకీ కనీసం ఒక్క కొత్త చీటీ దొరకాలి. దొరక్కపోతే అక్కడే ఆగిపోతుంది. ఎంత తిరిగినా పదకొండు వేల చుట్లు దాటి తిరగడానికి దానికి చోటే లేదు.

ఆయన ఆ మాటను తనలో తాను ఒకసారి అనుకున్నట్టు పెదవులు కదిపారు. "కాటా దగ్గర కట్టలో ఎన్ని చీటీలున్నాయో తెలిస్తే, ఆ రోజు తూకాలు ఎన్ని దాటవో చెప్పొచ్చు. అంతేనా?"

"అంతేనండి."

"ఇంకొక్కటి. అది నడిచాక వచ్చిన పేర్లలోంచి ఒకటి నేను తీస్తాను. దాన్ని నువ్వు ముట్టుకోకుండా నేనే చీటీలు పట్టుకుని పైకి ఎక్కుతాను. బండి దాకా చేరితేనే నమ్ముతాను."

నవ్యశ్రీ మళ్లీ తెర ముందు కూర్చుంది. ఈసారి ఆమె నలభై నాలుగు అని ఒక్కసారే చదివింది. రెండోసారి చదవబోయే లోపల జవాబు వచ్చేసింది. ఆరు పేర్లు, ఆరు చీటీలు. ఆరు చీటీల తూకం కలిపితే అయిదున్నర టన్నులు.

గోపీనాథ్ గారు అన్నింటికంటే కిందున్న పేరు తీసుకున్నారు. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, చీటీలు ఒక్కొక్కటే తెరుస్తూ పైకి వెళ్లారు. చేత్తో అంకెలు రాసుకుంటూ పదిహేను నిమిషాలు పట్టింది. తేజస్విని గోడ గడియారం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. చివరికి ఆయన పెన్ను పెట్టేసి, బందరు ప్లాంటుకు ఫోను చేసి, ఆరు సంచుల నంబర్లు చెప్పారు. అప్పటికి ఒకటీ యాభై.

పరీక్ష అవుతున్నంతసేపూ ఎవరూ భోజనానికి లేవలేదు. నాంచారమ్మ చెరువు మంచిదని తేలుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఆమె సంచిలోనే మందు ఉంటే ఇంత చేసినా ఫలితం అదే. తేజస్విని ఆమె గొంతునే తలుచుకుంటూ కూర్చుంది. నా పేరు మీద వస్తే నాదే. ఆ గొంతులో భయం లేదు. ఎందుకు లేదో ఆమెకు అప్పుడు తట్టలేదు.

నాలుగున్నరకు ఫోను వచ్చింది. అయిదు సంచుల్లో ఏమీ లేదు. ఒక సంచిలో ఉంది. నాంచారమ్మది కాదు. లక్ష్మయ్యది.

ఉత్తరం నాలుగూ యాభైకి వెళ్లింది, లక్ష్మయ్య పేరుతో. కింద గోపీనాథ్ గారి సంతకం. దివిసీమ సరుకు ఆగలేదు. ఆఫీసు కుర్రాడు టీలు తెచ్చాడు. నవ్యశ్రీ, ఇంకో నాలుగు శాతం ఉండగానే తన ప్రాణం పోయిందని, ఇకనుంచి జీతంతో పాటు గుండె మందులు కూడా ఇమ్మని గోపీనాథ్ గారితోనే అంది. ఆయన నవ్వారు. తేజస్విని టీ తాగి, ఆరింటి రైలుకు వెళ్లిపోయింది.

ఆ శనివారం ఆమె సెలవు పెట్టి దివిసీమ వెళ్లింది. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. తన బొమ్మ వల్ల ఒక మనిషి చెరువు పోబోయింది, ఆ మనిషిని కళ్లారా చూసి క్షమించమని అడగాలనిపించింది. బందరులో బస్సెక్కి, చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డలో దిగింది. అక్కణ్నుంచి నతానియేలు బండి మీద తీసుకెళ్లాడు. దారంతా అతను పెద్దగా మాట్లాడలేదు. లక్ష్మయ్యకు మందు ఎలా వచ్చిందో మాత్రం చెప్పాడు. రొయ్యకు జబ్బు చేస్తే ఎవరో పేరు లేని సీసా అమ్మారు. అందులో ఏముందో అతనికి తెలియదు.

నాంచారమ్మ చెరువు గట్టు మీద రేకుల పాక ముందు కూర్చుని మేత బస్తా కుట్టు విప్పుతోంది. వచ్చింది ఎవరో నతానియేలు చెప్పగానే ఆమె తేజస్విని వైపు చూసి, స్టూలు చూపించింది. మంచినీళ్లు ఇచ్చింది. తేజస్విని తను అనుకుని వచ్చిన మాటలు చెప్పింది. తప్పు తనదని, చీటీల సంగతి ముందే తెలిసి కూడా వదిలేసిందని, ఆమె పేరు పంపేయబోయామని.

నాంచారమ్మ అంతా విని, బస్తా తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టింది.

"నేను ఒప్పుకున్నాను కదమ్మా" అంది. "ఒప్పుకున్న మనిషిని వదిలేసి, నోరెత్తని వాణ్ణి పట్టుకున్నారు."

తేజస్విని మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"ఇది నా సొంత చెరువు. రెండేళ్లు ఎవరూ కొనకపోతే ఎండగట్టి వరి వేసుకుంటాను. వాడిది కౌలు చెరువు. రొయ్య అమ్మకపోతే ఎల్లుండి గట్టు దిగాలి. ఆ బాబు ఫోను చేసినప్పుడు ఇదంతా ఆలోచించుకునే చెప్పాను." ఆమె గొంతు పెంచలేదు. "నా మాట ఎందుకు నమ్మలేదు?"

చెరువు ఎనభై సెంట్లే కదా అని తేజస్విని మెల్లగా అంది. అంత చిన్న చెరువులో అయిదున్నర టన్నులు పండవు కదా అంది.

"అవును, పండవు" అంది నాంచారమ్మ. అని లేచి, మేత తట్ట నెత్తిన పెట్టుకుని గట్టు వెంట వెళ్లిపోయింది. ఆమె తిరిగి వస్తుందని తేజస్విని చాలాసేపు కూర్చుంది. చివరికి నతానియేలే, బస్సు తప్పిపోతుందమ్మా అని లేపాడు.

లక్ష్మయ్య కౌలు చెరువు ఆ నెలాఖరుకు పోయింది. ఇప్పుడతను అక్క చెరువులోనే పని చేస్తున్నాడు. ఆమె పంటలో సగం అతనికిస్తోందని నతానియేలు చెప్పాడు. సరుకు ఆమె పేరు మీదే వస్తుంది. ఈసారి చీటీ ఒక్కటే.

ఈ సంగతంతా తేజస్విని చెప్పినప్పుడు, తను చేసింది తప్పని అనలేదు. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ అదే చేస్తానంది. నాంచారమ్మ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం కొంచెం ఆగి ఆగి మాట్లాడింది.

గుడివాడ ఆఫీసులో ఇప్పుడు నియమం మారింది. మెట్లెన్నో తెలిసిన పని బొమ్మలో, తెలియని పని స్క్రిప్టులో. ఏ స్క్రిప్టు అయినా, రాసినవాళ్లు గోపీనాథ్ గారి ఎదురుగా కూర్చుని తెలుగులో చదివి చెప్పాకే నడుస్తుంది. తేజస్వినికి ముప్పై నిండాయి. నెలకోసారి ఆమె గూడూరు, బందరు, అవనిగడ్డ వెళ్లి కాటా గుమస్తాలకు చీటీలు ఎలా రాయాలో చెప్పి వస్తోంది. కోడూరు వైపు మాత్రం నతానియేలునే పంపుతుంది.